మేంబాలం మీద మనిషి

ఇలా దగ్గరికి జరగండి, గట్టిగా చెప్పే సంగతి కాదిది. రాజపాళయానికి పత్తి మిల్లు వచ్చిన కొత్తలో జరిగింది.

సేత్తూరు దారిలో వాగు మీద ఎత్తుగా వంతెన కట్టారు. నీళ్లు దాటించేదాన్ని అరవంలో పాలం అనడం అందరికీ అలవాటే. దీన్ని మాత్రం మేంబాలం అన్నారు. వాగు పది నెలలు ఎండి ఉంటుంది, ఆ ఇసుకే బండ్ల బాట. కింద బండ్లు, పైన మనుషులు.

ఆ పేరే ఊరి పెద్ద వరదరాజన్ అయ్యకు గిట్టలేదు.

"మేల్ అంటే పైన అనే కదరా, అళగిరీ? ఎవడెవడో పైన నడిస్తే వాడి కాళ్ల కింద నేను పోవాల్నా?"

"నేనుండంగా అట్ల కానిస్తానా అయ్యా!" అన్నాడు బండి ముందు నడిచే అళగిరి.

అప్పటినుంచి అదే అతని పని. అయ్య బండి వచ్చేలోగా వంతెన మీద ఒక్కరూ లేకుండా దింపేయాలి. ఒక్కడు మిగిలినా పని పోయినట్టే. ఇంట్లో నలుగురు పిల్లలు.

వానల నెలలో ఒక పగలు. ఊరి మీద ఎండ, కొండ మీద మబ్బు.

వంతెన నడుమ ఒకడు చేతులు చాపి నిలబడ్డాడు. గోచీ, మోకాళ్లదాకా బురద. ఎవరూ ఎరగని ముఖం.

"దిగురా! అయ్య బండి వస్తా ఉంది, కనపడలా?"

వాడు నోరు తెరిచాడు. గొంతు రాలేదు, గాలి వచ్చింది. కొండ వైపు చూపించాడు. బండి వైపు వద్దు వద్దని చేతులూపాడు.

"అయ్య బండినే నిలిపేంత పెద్దమనిషివా? కల్లు ఇంకా దిగలేదా?"

కింద నుంచి అయ్య కేకేశాడు. "అళగిరీ! వాడు నా నెత్తి మీదనే ఉన్నాడేరా!"

అళగిరి వాణ్ణి జుట్టు పట్టి ఈడ్చి, ములుకర్రతో రెండు వేశాడు.

దించినా వాడు పారిపోలేదు. ఇసుకలోకి దూకి, ఎద్దుల ముక్కుతాడు పట్టి బండిని గట్టుకేసి మళ్లించాడు.

"నా ఎద్దులను తాకుతాడా!" అయ్య చెర్నకోల ఎత్తేలోగా ఎర్రనీళ్లు గోడలా వచ్చాయి.

బండి గట్టెక్కింది. వాడు ఎక్కలేదు.

"పంచంతా బురద చేసినాడు" అన్నాడు అయ్య.

మూడోనాడు కొండ నుంచి మూక్కమ్మాళ్ అనే ఆమె వచ్చి, వంతెన దగ్గర అళగిరిని అడిగింది.

"అన్నా, మా ఆయన ఇట్ల వచ్చినాడా?"

"ఎందుకొస్తాడమ్మా?"

"ఎందుకేంది? కొండలో నీళ్లు పొంగితే ఏటా గొంతు పోయేదాకా గట్టెంబడి అరుస్తా పరుగెత్తేది ఆయనే గదా. ఇన్నేళ్లూ మీకు వినపడలేదా?"

అళగిరి చేతిలో ములుకర్ర వెనక్కి దాచుకున్నాడు.

"ఇట్ల ఎవరూ రాలేదమ్మా."

మరుసటేడు వాగు ఏ కేకా లేకుండా వచ్చింది. దొడ్లతో పాటు ఇద్దరు పసివాళ్లను పట్టుకుపోయింది.

మీ పిల్లలకు చెప్పేటప్పుడు ఇది మాత్రం మరవకండి: ఆ కేక ఊరు కాచే అయ్యనార్ సామిదని, చూస్తే పాపమని, ఏటేటా తలుపులు మూసుకుని టెంకాయలు కొట్టింది మన ఊరే, ఆ సామిని జుట్టు పట్టి మేంబాలం దించిందీ మన ఊరే.