రెండో కుర్చీ

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లని ముందుగా ఆవిడే చూసింది.

వీధి మొదట్లో, తన ఇంటి గేటు బయట, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఒకదాంట్లో ఆవిడ కూర్చునుంది. రెండోది ఖాళీ.

"ఎవరింటికి?" అంది.

కారు దిగిన ఇంజనీరుకి ఒళ్లు మండింది. కొత్త ఊరికి బదిలీ, శివార్లలో ఇంటి వేట, పొద్దుటినుంచీ తిరిగి తిరిగి కాళ్లు పీకుతున్నాయి. పైగా ఇప్పుడు నడివీధిలో ఈ విచారణ ఒకటి. అయినా మర్యాదకి చెప్పాడు, ఆ చివర టులెట్ బోర్డున్న ఇల్లు చూడ్డానికని.

ఆవిడ అంతటితో వదిలితేనా? పాప ఏం చదువుతోంది, కారులో కూర్చున్న పెద్దావిడ ఎవరు, అన్నీ ఆరా తీసింది. ఇంజనీరు భార్యకి కడుపులో మాట దాగదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆవిడ మా అత్తయ్య, ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది, తలుపు తీసి ఉంటే చాలు నడుచుకుంటూ వెళ్లిపోతుంది, ఈసారి ఇల్లు ఆవిడ కోసమే చూసుకుంటున్నాం అని.

కుర్చీ ఆవిడ ముందుకి వంగింది.

"గుమ్మం దాటాక ఎటు తిరుగుతుంది? కుడికా, ఎడమకా?"

ఇదేం ప్రశ్నరా బాబూ అనుకున్నాడు ఇంజనీరు.

"ఎడమకే," అంది భార్య కాస్త ఆలోచించి. "ఎప్పుడూ ఎడమకే."

"పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందా?"

"పలకదండీ. అమ్మా అంటే మాత్రం వెనక్కి చూస్తుంది."

ఆవిడ బుద్ధిగా తలూపి, ఫోన్ నంబరు కూడా అడిగింది. ఇంజనీరు చెప్పాడు, చివరి అంకె మార్చి.

కారెక్కాక తన తెలివికి తనే మురిసిపోయాడు. ఈ వీధిలో దిగితే మన పొయ్యి మీద ఏం ఉడుకుతోందో కూడా ఆ కుర్చీలోనే తేలుతుందన్నాడు. ఆ రెండో కుర్చీ కబుర్లు మోసుకొచ్చేవాళ్ల కోసమేనని తీర్పు కూడా ఇచ్చేశాడు. భార్యకి ఆ వీధి నచ్చింది. కానీ గట్టిగా అనలేకపోయింది.

ఆ వీధి కలిసే పెద్దరోడ్డు మీదే, కాస్త ముందుకెళ్తే ఇంకో కాలనీ. ఎత్తైన ప్రహరీ, ఇనప గేటు, కెమెరాలు, యూనిఫాం వేసుకున్న వాచ్‌మన్. వీళ్లెవరో, ఎందుకొచ్చారో ఫోన్ చేసి కనుక్కుని గానీ లోపలికి వదల్లేదు. ఇంజనీరుకి ప్రాణం లేచొచ్చింది.

"చూశావా, చీమ కూడా దూరదు," అన్నాడు.

అక్కడే దిగారు.

నెల తిరక్కుండానే, ఒక సాయంత్రం, అమ్మ ఇంట్లో కనిపించలేదు.

పెద్దావిడ బయటికి వెళ్లడం వాచ్‌మన్ చూశాడట. పాపం, అతనూ నొచ్చుకున్నాడు. "లోపలికొచ్చేవాళ్లని అడగమన్నారు సార్. వెళ్లేవాళ్లని అడగమని ఎవరూ చెప్పలేదు."

పక్కింటి తలుపు కొట్టారు. ఈ ఇంట్లో ఒక పెద్దావిడ ఉందన్న సంగతే వాళ్లకి తెలియదు.

గేటు బయట లారీలు రయ్యిమని పోతున్నాయి. ఇంజనీరు రోడ్డు మీదికొచ్చి అటూ ఇటూ చూశాడు. ఎటని వెతకాలి? కన్నతల్లి ఎటు తిరుగుతుందో అతను ఏనాడూ గమనించలేదు.

"ఎడమకి," అంది భార్య. "ఎడమకి పదండి."

రోడ్డు అంచు పట్టుకుని పరిగెత్తారు. ఎడమ పక్కన మొదటి వీధి వచ్చింది. తిరిగారు.

రెండు కుర్చీలూ నిండి ఉన్నాయి.

రెండోదాంట్లో అమ్మ దర్జాగా కూర్చుని బిస్కెట్టు తింటోంది. ఇంజనీరు అమ్మ కాళ్ల దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మ అతని తల నిమిరింది.

"ఎవరబ్బాయివి నాన్నా? తప్పిపోయావా?"

మలుపు దగ్గర రోడ్డు దాటబోతుంటే తను చూశానని, అమ్మా అని కేకేస్తే వెనక్కి వచ్చిందని కుర్చీ ఆవిడ చెప్పింది.

"నీకు ఫోన్ చేశాను బాబూ. ఎవరో ఎత్తి రాంగ్ నంబరన్నారు. నేనే ఏదో తప్పు రాసుకున్నట్టున్నాను."

ఇంజనీరు తలెత్తలేకపోయాడు.

"మీరు సరిగ్గానే రాసుకున్నారమ్మా," అన్నాడు. "నేనే తప్పు చెప్పాను."

ఆవిడ ఇంకేం అడగలేదు. అన్నీ ఆరా తీసే మనిషి, ఆ ఒక్కటీ అడగలేదు.

టులెట్ బోర్డు ఇంకా అలాగే ఉంది. ఆ వారంలోనే సామాను దింపారు.

ఇప్పుడు అమ్మ సాయంత్రాలన్నీ రెండో కుర్చీలోనే. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ "అమ్మా" అని పలకరిస్తారు. ప్రతిసారీ అమ్మ తిరిగి చూసి నవ్వుతుంది. పాప స్కూలు బస్సు దిగి, నానమ్మ ఒళ్లో సంచీ పడేసి ఆటకి పరిగెడుతుంది. ఇంజనీరు ఆఫీసులో నిశ్చింతగా పని చేసుకుంటున్నాడు, చాన్నాళ్ల తర్వాత.

ఒక ఆదివారం అతను కొత్త కుర్చీ ఒకటి కొనుక్కొచ్చి వాళ్ల పక్కన వేశాడు.

"మా అమ్మ మీ కుర్చీ కబ్జా చేసేసిందమ్మా," అన్నాడు నవ్వుతూ. "అందులో కూర్చునేవాళ్లొస్తే పాపం నిలబడాలి కదా. ఇంతకీ ఎవరికోసం వేస్తారు దాన్ని?"

ఆవిడ ఆ కొత్త కుర్చీని కొంగుతో తుడిచి, రోడ్డు కనిపించేలా తిప్పి పెట్టింది.

"మా ఆయన కోసం బాబూ," అంది. "ఆయనా ఇలాగే ఒక సాయంత్రం గుమ్మం దాటారు. ఎటు తిరిగారో ఎవరూ చూడలేదు."