పన్నెండో బుడ్డి

గొడుగాయన ఆ వారం కూడా వచ్చాడు.

గడప దగ్గర గొడుగు ఆనించి, చెప్పులు విడిచి, రుచి చూడ్డానికని బల్ల మీద పెట్టిన చిన్న జామ్ బుడ్డీల్లోంచి ఒకటి తీసుకున్నాడు.

"ఇదెప్పుడు చేశారమ్మా?"

"సోమవారం," అంది జామ్ అత్తయ్య, పళ్లబిగువున.

ఆయన మూత మీద తేదీ రాసి, బుడ్డి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. అక్కడ రుచి చూసింది లేదు, పెద్ద బుడ్డి ఒక్కటి కొన్న పాపాన పోలేదు. ఇలా పదకొండు వారాలు.

తీపి వాటిలో సీసం ఉంటోందని ఊరంతా ఒకటే భయం. నిన్నటిదాకా లొట్టలేసుకుంటూ తిన్నవాళ్లే అత్తయ్య జామ్‌ను పామును చూసినట్టు చూస్తున్నారు. ఇక మిగిలిన ఆశ పిల్లల ఆసుపత్రి వంటశాల. జామ్ పంపుతానని ఆవిడ అర్జీ పెట్టి మూడు నెలలవుతోంది. మనిషిని పంపి చూస్తామన్నారు. ఆ రాబోయే అధికారి కోసం కుర్చీకి కొత్త గుడ్డ కుట్టించింది. గొడుగాయన ఓసారి అందులో కూర్చోబోతే స్టూలు చూపించింది.

"పోనీలెండి అత్తయ్యా, చెంచాడు జామేగా," అంది కోడలు.

"చెంచా చెంచా కలిపి ఇంట్లో పెద్ద బుడ్డి నింపుకుంటున్నాడే. ఆయనగారి సంగతి నాకు వదిలెయ్."

పన్నెండో వారం ఆవిడ బజార్లో అన్నిటికన్నా నాసిరకం జామ్ కొనుక్కొచ్చింది. గోడకు పూస్తే పదేళ్లు వెలిసిపోనంత ఎరుపు. దాన్ని ఒక చిన్న బుడ్డిలో నింపి ముందు వరసలో పెట్టింది. అది తిన్నవాడు మళ్లీ ఈ గడప తొక్కడని ఆవిడ ధీమా.

గొడుగాయన బుడ్డిని వెలుతురుకెత్తి చాలాసేపు చూశాడు.

"ఇదీ మీ చేత్తో చేసిందేనామ్మా?"

"మరి కాళ్లతో చేస్తానా?"

"ఓసారి ఆలోచించుకుని చెప్పండి."

"ఒట్టేసి చెప్పమంటారా?"

ఆయన తేదీ రాసుకుని వెళ్లిపోయాడు. మరుసటి వారం రాలేదు. అత్తయ్య తన తెలివికి తనే మురిసిపోయింది.

ఆపై వారం ఆసుపత్రి నుంచి కవరొచ్చింది. శుభవార్తే అనుకుని అత్తయ్య దర్జాగా కొత్త గుడ్డ కుర్చీలో కూర్చుంది. కోడలు చదివింది.

పదకొండు నమూనాల్లో వెతికినా సీసం జాడ లేదట. ఇంత శుభ్రమైన జామ్ తన ముప్పై ఏళ్ల ఉద్యోగంలో చూడలేదని పరీక్షించినాయన రాశాడట. పన్నెండో దాంట్లో మాత్రం సీసం తేలిందట. అందుచేత అర్జీ తిరస్కరించారట.

అత్తయ్య మెల్లగా లేచి స్టూలు మీదికి మారింది.

"అంతేనా?"

"అడుగున పెన్నుతో ఏదో రాసుందత్తయ్యా," అంటూ కోడలు కాగితం కాస్త దగ్గరికి తెచ్చుకుంది.

"అమ్మా, పన్నెండోది మీరు చేసింది కాదని నాకు చూడగానే తెలిసింది. అందుకే రెండోసారి అడిగాను."