ఇంకని గుంత

"గంటలో ఈ నీళ్లు ఇంకాలి. ఇంకకపోతే మిగతా పది గుంతలకూ గ్రాంటు రాదు," అన్నాడు తనిఖీకి వచ్చిన ఇంజనీరు.

ఇంకుడు గుంత చుట్టూ కాలనీ అంతా గుమిగూడింది. నిరుడు దాన్ని తవ్విన మేస్త్రమ్మ రెప్ప వేయకుండా నీళ్లనే చూస్తోంది.

గంట గడిచింది. నీళ్లు వేలెడు కూడా దిగలేదు.

"అడుగున బంకమట్టి వదిలేసుంటావమ్మా. అంతా బూడిదలో పోసిన పన్నీరే," అంటూ ఇంజనీరు పెన్ను తీశాడు.

"ఒక్క నిమిషం ఆగండి సారూ."

మేస్త్రమ్మ లేచి, మూడేళ్ల కిందట ఎండిపోయిన పక్క బావి మీది మూత జరిపింది. చేద వదిలింది. ముప్పై మూరల తాడు రెండు మూరలైనా జారకముందే చేద బుడుంగుమంది.

"కింద చోటుంటే కదా సారూ, ఇంకేది!"