జూనా, సెప్టెంబరా

“సెప్టెంబర్‌ల అయితె మీరు తల్లీబిడ్డలే పోయి రాండ్రి. నేను పోతె జూన్‌లనే పోత” అని కుర్చీలో వెనక్కి వాలాడు యాదగిరి.

మేడ్చల్ బస్టాండ్ ఎదురుగా, మొబైల్ షాపు పైనున్న టూరిస్టు ఆఫీసు అది. ఏజెంటు ఫణిభూషణ్ కంప్యూటర్ వీళ్ల వైపు తిప్పి గంట దాటింది. తెర మీద తెల్లటి ఓడ, దాని వెనక మంచు కప్పిన కొండలు. నార్వే చివరిదాకా వెళ్లొచ్చే ఆ ఓడ జూన్‌లో ఒకసారి బయలుదేరుతుంది, సెప్టెంబర్‌లో ఇంకోసారి. ఏదైనా వారం రోజులే.

“జూన్‌ల ఏముంది సూడనీకి? రాత్రి పదకొండు దాటినా ఎండనేనంట. గా ఎండ మన షామీర్‌పేటల లేదా?” అంది అతని భార్య సరళ. “సెప్టెంబర్‌ల అయితె ఆకాశంల పచ్చటి వెలుగులు కనవడ్తయి. సహస్ర గూడ గదే అంటాంది.”

“నేననలే” అంది కూతురు సహస్ర, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. “కిటికీ ఉన్న రూము కావాలన్న, గంతే.”

“సెప్టెంబర్‌ల మన గోదాములల్ల పండుగ సరుకు దిగుతది, నేను కదలలేను. అది పక్కన పెట్టు, అమ్మ గా సలికి తట్టుకుంటదా? నువ్వే చెప్పు భూషణ్.”

ఫణిభూషణ్‌ది కూడా షామీర్‌పేటే. ఇద్దరి ముఖాలూ చూసి జాగ్రత్తగా చెప్పాడు. “జూన్‌ల పది డిగ్రీల దాకా ఉంటదన్నా. సెప్టెంబర్‌ల ఇంకింత తగ్గుతది, గాలి గూడ గట్టిగుంటది. పెద్దోళ్లకు జూనే నయం.”

చలికి భయపడి అత్త రానంటుందనే సరళ సెప్టెంబర్ అన్నది. ఆ మాట పైకి అనలేదు.

అత్త జంగమ్మ చెడ్డది కాదు. కోడలిని పల్లెత్తు మాట అనలేదు, ఎవరినీ అననివ్వలేదు. కానీ ఇరవై రెండేళ్లుగా సరళ ఏ గదిలో ఉంటే ఆ గదిలోకి “సరళా” అన్న కేక వస్తూనే ఉంది. కళ్లద్దాలు కనబడకపోయినా, టీవీ రిమోటు పనిచేయకపోయినా, ఊరికే ఏం తోచకపోయినా అదే కేక. ఒక్క వారం, ఎవరూ పిలవని చోట తలుపు వేసుకుని, చేతిలో టీ చల్లారిపోయేదాకా సముద్రాన్ని చూస్తూ కూర్చోవాలని ఆమె ఆశ.

“జూన్‌ల రూములు గూడ తక్కువున్నయన్నా. ఒకటి బాల్కనీది, ఒకటి లోపలిది. లోపలి దానికి కిటికీ ఉండదు” అన్నాడు ఫణిభూషణ్.

“సరిపోతది” అన్నాడు యాదగిరి హుషారుగా. “అమ్మకు నీళ్లు సూస్తె కండ్లు తిరుగుతయి, లోపలి రూమే మంచిగుంటది. రాత్రి లేస్తె తోడు కావాలె గద, సరళ ఉంటది. నేను, బిడ్డ బాల్కనీల ఉంటం.”

సరళ భర్త వంక తేరిపార చూసింది. “అంటె సముద్రం సూడనీకి గంత దూరం పోయి, నేను గోడ సూస్కుంట కూసోవాల్నా?”

ఫణిభూషణ్ నవ్వు దాచుకోవడానికి మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. “సాయంత్రం దాకా ఆపి పెడ్తన్నా. ఇంటికి పోయి మాట్లాడుకోండ్రి.”

కారు ఇంటిదారి పట్టింది. షామీర్‌పేట చెరువు కనబడుతుండగా యాదగిరి మెల్లగా అన్నాడు. “తిరుపతి తప్ప ఇంకో ఊరు సూడలే అమ్మ. ఆమెను ఇంట్ల పెట్టి తాళమేసి నేను ఓడెక్కి ఫోటోలు దిగితె, నాకే మంచిగనిపియ్యది సరళా.”

సరళ కిటికీ వైపు తిరిగి, ఇల్లు చేరేదాకా బయటికే చూస్తూ కూర్చుంది.

జంగమ్మ వరండాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. సరళ చెప్పులు విడిచి తిన్నగా వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

“అత్తమ్మా, జూన్‌లనే పోతున్నం. నువ్వు, నేను ఒక్కటే రూముల ఉంటం.”

జంగమ్మ చేతులు ఆగాయి. “నేనేడికి బిడ్డా? నాకు సలి పడదు.”

“జూన్‌ల గంత సలుండదు. స్వెట్టర్లు కొంటం.”

“మోకాళ్లు...”

“ఓడల లిఫ్టుంటదత్తమ్మా.”

“ఆడి తిండి నాకు సయించదు.”

“తొక్కులు, పొడులు కట్టుకపోదాం. అన్నం నేను కలిపిస్త.”

ముసలామె ఇంకో కాయ అందుకుంది. సరళ ఆమె చెయ్యి పట్టుకుంది. “నిన్ను ఇడ్సిపెట్టి నేను ఏడికి పోనత్తమ్మా” అంది. ఇందాకటిదాకా తన మనసులో ఉన్నది గుర్తొచ్చి కళ్లు చెమ్మగిల్లాయి. జంగమ్మ కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. ఆ సంతోషం చూశాక సరళకు బాల్కనీ లేకపోతే ఏమిటనిపించింది.

లోపలికి వెళ్లి ఫణిభూషణ్‌కు ఫోన్ చేసింది. “జూన్‌దే ఖాయం చెయ్యి భూషణ్. నలుగురం.”



“నలుగురా వదినా?” అన్నాడతను తికమకగా. “మీరు గిట్ల పోయిన్రో లేదో జంగమ్మవ్వ ఫోన్ చేసింది, ‘సెప్టెంబర్‌దే రాయి, ముగ్గురే పోతరు, వారం కాదు, నెల దినాలదేమన్న ఉంటె సూడు బిడ్డా, ఇన్నేండ్లకు నాకు జర ఒక్కదాన్నే ఇంట్ల ఉండబుద్ధయితాంది’ అన్నది.”