బాటిల్ మూత

రోజూ బట్టల ఫ్యాక్టరీలో పని మొదలవగానే సూపర్‌వైజర్ నీళ్ళ బాటిల్ పట్టుకుని మా బల్ల దగ్గరకొస్తాడు. "నా వల్ల కావట్లేదమ్మా, కాస్త ఈ మూత తీసిపెట్టు," అంటూ మా వదినకే ఇస్తాడు.

"నేను లేకపోతే ఈయనగారికి గొంతు తడవదు," అని వదిన మురిసిపోతుంది.

కుట్టిన చొక్కాలకు మిగిలిపోయిన దారాలు చిన్న కత్తెరతో కత్తిరించడం మా పని. రోజుకు తొమ్మిది వందల చొక్కాలు. వదినకంటే ముందు బాటిల్ ఇంకొక పెద్దావిడకు ఇచ్చేవాడట. ఒకరోజు ఆవిడ మూత తీయలేకపోయిందట. ఆ తర్వాత ఎందుకు మానేసిందో ఎవరూ చెప్పరు. ఆవిడ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను.

ఈ మధ్య ఇంట్లో తడిబట్టలు పిండే పని వదిన నాకే వదిలేస్తోంది. ఏమైందని అడిగితే, "బద్ధకంలే," అంది.

ఇవాళ మూత కదల్లేదు. వదిన కొంగు చుట్టి తిప్పినా రాలేదు. సూపర్‌వైజర్ అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. వదిన బాటిల్‌ని గబుక్కున బల్ల కింద నుంచి నా ఒళ్ళోకి తోసింది. ఒక్క తిప్పు తిప్పి తిరిగిచ్చేశాను.

"తీశాను సార్," అంది వదిన నవ్వుతూ.

అతను గుక్కెడు కూడా తాగలేదు. చేతి నరాలు ఉబ్బేంత గట్టిగా మూత బిగించి, బాటిల్‌ని మళ్ళీ వదిన ముందు పెట్టాడు.

"ఇంకోసారి తియ్యమ్మా. ఈసారి చేతులు బల్ల మీదే ఉంచి."