ఇరవై ఎనిమిది పేపర్లు, ఒకే తప్పు

"ఒకరు రాస్తే తప్పు. ఇద్దరు రాస్తే అనుమానం. ఇరవై ఎనిమిది మందీ ఒకే తప్పు రాస్తే ఏమంటారు టీచర్?" విచారణాధికారి జవాబు పత్రాల కట్టను దబీమని బల్ల మీద పడేశాడు.

సైన్సు టీచరు నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు, కూర్చోవాలని ఆమెకూ తోచలేదు.

"ఆ రోజు హాల్లో కాపలా ఉన్నది మీరే. మీ సబ్జెక్టు పరీక్షకు మీరే కాపలా! కంచే చేను మేస్తే ఇంక ఎవరితో చెప్పుకోవాలి?"

"ఇంగ్లిషు మాస్టారు సెలవు పెట్టారండీ. హెడ్మాస్టరు గారే నన్ను వెళ్లమన్నారు."

పక్క కుర్చీలోని హెడ్మాస్టరు చటుక్కున కిటికీ వైపు తిరిగాడు. "మనిషి లేక వేశాను సార్. లోపల ఏం జరిగిందో నాకేం తెలుసు?" నిన్న సాయంత్రం దాకా "మీకేం భయం లేదమ్మా, నేనున్నాను" అన్న పెద్దమనిషి ఈయనే. ఇలాంటివాళ్లు అవసరం వచ్చినప్పుడు తప్ప మిగతా అన్ని వేళలా ఉంటారు.

"నేను ఒక్క ముక్క కూడా చెప్పలేదండీ. మా పిల్లల మీద ఒట్టు."

"ఒట్లు రాసుకోవడానికి ఇందులో గడి లేదు." అధికారి ఫారం తిప్పి చూపించాడు. "రుజువైతే ఉద్యోగం పోతుంది. మళ్లీ ఏ సర్కారు బడి గడపా తొక్కలేరు. ఒప్పుకుంటే శిక్ష తగ్గించమని నేను రాస్తాను. చెప్పండి, నోటితో చెప్పారా, బోర్డు మీద రాశారా?"

చేయని తప్పు ఒప్పుకుని సగం బతకడమా, ఒప్పుకోకుండా రోడ్డున పడటమా? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"మూడు రోజుల నుంచి కాపీ కాపీ అంటున్నారే గానీ, ఆ తప్పేమిటో నాకెవరూ చూపించలేదు. ఒక్కసారి చూపించండి."

అధికారి పై పేపరు తీసి ఆమె వైపు తోశాడు. ఊపిరితిత్తుల నుంచి గుండెకు మంచి రక్తాన్ని తెచ్చే నాళం ఏది? ఇన్నేళ్లలో బడి పరీక్షల్లో ఎప్పుడూ అడగని ప్రశ్న. కింద గుండ్రటి అక్షరాలతో జవాబు: పుపుస ధమని. పక్కన ఎర్ర సిరాతో పెద్ద ఇంటూ.

ఆమె చదివింది. కళ్లజోడు సవరించుకుని మళ్లీ చదివింది.

"కరెక్టేగా అండీ! ఇందులో తప్పేముంది?"

అధికారి రాస్తున్న కలం ఆపాడు. హెడ్మాస్టరు కిటికీ వదిలి ఇటు తిరిగాడు.

"ఏమన్నారు?"

"మంచి రక్తం మోసేవన్నీ ధమనులు, చెడు రక్తం మోసేవన్నీ సిరలు. నా నోట్సులో మొదటి పాయింటే అది. రోజూ వల్లె వేయిస్తాను."

"పుస్తకంలో ఏముందో చూశారా?"

"పుస్తకం ఎవరు తీస్తారండీ? మేం నోట్సు చెబుతాం, పిల్లలు బట్టీ పడతారు." ఉన్నమాట అనేసింది పాపం. చాలా బళ్లలో జరిగే తంతే ఇది, కాకపోతే అధికారి ముందు ఎవరూ అనరు.

అధికారి బీరువాలోంచి పాఠ్యపుస్తకం తెప్పించాడు. నాలుగేళ్లయినా కొత్త వాసన పోలేదు. పేజీ తీసి వేలు పెట్టి చూపించాడు. గుండె నుంచి రక్తాన్ని తీసుకుపోయేవి ధమనులు, గుండెకు తెచ్చేవి సిరలు. ఊపిరితిత్తుల నుంచి మంచి రక్తం తెచ్చేది పుపుస సిర.

ఆమె ముఖాన కత్తి వేటుకు నెత్తురు చుక్క లేదు. ఎవరూ చెప్పకుండానే కుర్చీలో కూలబడింది.

అధికారికి అనుమానం తీరలేదు. తప్పించుకోవడానికి ఆడే నాటకమైతే? మంచినీళ్లు తెచ్చిన అటెండరును ఆపాడు.

"నువ్వు ఎక్కడ చదివావయ్యా?"

"ఈ బళ్లోనే సార్. టీచరు గారి దగ్గరే."

"ధమని అంటే ఏమిటి?"

"ధమని మంచిది, సిర చెడ్డది!" అటెండరు గ్లాసు పట్టుకునే అప్పజెప్పేశాడు. "పదిహేనేళ్లయినా మర్చిపోలేదు సార్. అంత బాగా చెప్పేవారు."

సైన్సు టీచరు తల దించుకుంది.

"ఇది కాపీ కాదు." అధికారి ఫారం మీద అడ్డగీత కొట్టాడు. "మీ ఉద్యోగానికి ఢోకా లేదు. ఆ నోట్సు మాత్రం చించి పారేయండి."

ఉద్యోగం నిలబడిందన్న సంతోషం కంటే ఆమెకు సిగ్గే ఎక్కువగా ఉంది. "ఎంతమందికి చెప్పానో..."

"ఊరుకోండమ్మా," హెడ్మాస్టరు మళ్లీ ఆమె పక్షాన చేరిపోయాడు. "ఒక్క మార్కు ప్రశ్న. దానికి ఎవరి కొంప మునిగింది?"

ఇక మిగిలింది ఫిర్యాదు చేసిన మనిషి. ఈ పేపర్లు దిద్దిన వేరే బడి టీచరు, ముప్పై ఏళ్లుంటాయి. పొద్దుటి నుంచి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. అధికారి ఆమెను లోపలికి పిలిచి గట్టిగానే మందలించాడు.

"చూసుకుని రాయాలి కదమ్మా! కాపీ కాదిది. ఈవిడ తప్పు చెప్పారు, పిల్లలు చెప్పిందే రాశారు."

"తెలుసు సార్."

"తెలిసే కాపీ అని రాశారా? ఆవిడ ఉద్యోగం పోయేది!"

"ఇక్కడ పాఠం తప్పు చెబుతున్నారని ఇంతకుముందు రెండుసార్లు రాశాను సార్. ఒక్కరూ రాలేదు. కాపీ అని రాస్తే నాలుగో రోజుకే వచ్చారు."

ఆ అమ్మాయి ఒకప్పుడు తనకు పాఠం చెప్పిన సైన్సు టీచరు వైపు తిరిగింది.

"డాక్టరు సీటు నాకు ఒక్క మార్కులో పోయింది టీచర్. ఆ ప్రశ్న ఇదే."