వస్తువు

"ఆ 'వస్తువు' ఎక్కడుంది?" నల్ల అంగీలోని సన్యాసి గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

లెక్కల మాస్టారు ఎర్కోలే కలం కింద పెట్టి లేచాడు. మంత్రగాళ్లను పట్టుకుపోయే చర్చి మతవిచారణ వాళ్లు పొద్దున్నే వచ్చారంటే, మధ్యాహ్నం భోజనం ఇంట్లో చేసే యోగం లేదని బొలోన్యా ఊళ్లో అందరికీ తెలుసు.

"ఏ వస్తువు, స్వామీ?"

"నిన్న కిటికీ దగ్గర కేకలు పెట్టావట. 'వస్తువును మూడుసార్లు పెంచాను, మూలం లాగాను, బయటికొచ్చింది!' అని. ఏ దయ్యాన్ని లేపావు?"

పిండి పిసుకుతున్న అతని భార్య జెనెవ్రా ఆగింది. "మనసులో చేసుకోండని చెప్పానా? వింటేగా ఈయన!"

"దయ్యం కాదు స్వామీ! లెక్కలో తెలియని సంఖ్యను మేం వస్తువంటాం."

"తెలియనిదాన్ని పిలుస్తారు. అది వస్తుంది. మంత్రగాళ్లు చేసేదీ అదేగా?"

"పిలవగానే ఎక్కడొస్తుంది స్వామీ! పదకొండేళ్లు పట్టింది."

"అయితే ఎలా పిలిచావో చూపించు."

మాస్టారు బల్ల మీది కాగితాలను చేత్తో కప్పాడు. గురువారం చర్చి ముందు, ఇంతవరకు ముఖం కూడా చూడని పాదువా పండితుడితో లెక్కల పందెం. ఓడితే విశ్వవిద్యాలయంలో ఉద్యోగం ఊడుతుంది. గెలిపించేది ఆ ఒక్క సూత్రమే.

"అది... పెళ్లానికి కూడా చెప్పలేదు స్వామీ."

"నేనడిగిందీ లేదు," అంది జెనెవ్రా.

"సరే. చెరసాల బండి పిలవమంటావా?"

"ఉద్యోగం పోతే పోయింది, మనిషి మిగలాలి. రాసివ్వండి!" జెనెవ్రా పిండి చేత్తోనే కలం అందించింది.

మాస్టారు రాశాడు. వస్తువు ఘనం, మూడు వస్తువులు కలిస్తే ముప్పై ఆరు. ఒక్కో మెట్టూ విప్పి చెప్పాడు. సన్యాసి "మళ్లీ" అన్నాడు. మళ్లీ చెప్పాడు. "ఇంకోసారి" అన్నాడు. చెమట కాగితం మీద పడింది.

"వస్తువు మూడు స్వామీ. ఇరవై ఏడూ, తొమ్మిదీ. సరిపోయిందా?"

సన్యాసి వేళ్ల మీద లెక్క చూసుకుని తలూపాడు. "ఇందులో సైతాను లేడు. కాగితం మాత్రం నివేదికలో ఉండాలి."

కాగితం మడిచి, ఇద్దరినీ దీవించి వెళ్లాడు. మాస్టారు కుర్చీలో కూలబడి ఏడ్చాడు. జెనెవ్రా, ఈసారి దెప్పకుండా, మంచినీళ్లు ఇచ్చింది.

గురువారం చర్చి ముందు, ఎదుటి పాదువా పండితుడి కుర్చీలో, నల్ల అంగీ లేకుండా, అతనే కూర్చున్నాడు.